రేషన్ కార్డు అనుమానితుల జాబితాలో పడితే: తనిఖీ ఎలా జరుగుతుంది, తప్పు ఎక్కడ దొర్లుతుంది

రేషన్ షాపులో డీలర్ ఈపాస్ మెషీన్‌ను ఇటు తిప్పి చూపిస్తాడు. "అమ్మా, నీ కార్డు చూపిస్తలేదు. సర్కిల్ ఆఫీసుల అడుగు." అంతకుమించి ఆయనకూ తెలియదు. హైదరాబాద్ బస్తీల్లో తమ మీద తనిఖీ జరిగిందని చాలామందికి మొదట తెలిసేది ఇలాగే. నోటీసు వచ్చి తెలియడం తక్కువ.

ఈ మధ్య ఈ టెన్షన్ పెరగడానికి కారణాలున్నాయి. 2025 జూలైలో కేంద్రం రేషన్ పంపిణీ నియంత్రణ ఉత్తర్వును సవరించింది. వరుసగా ఆరు నెలలు సరుకులు తీసుకోని కార్డులను తాత్కాలికంగా నిలిపి, మూడు నెలల్లో ఇంటికెళ్ళి విచారించి, ఈకేవైసీ చేయించి, అర్హత తేల్చాలన్నది అందులో ఒక అంశం. ఆగస్టులో మరో వార్త. కేంద్ర ఆహార శాఖ రేషన్ కార్డుదారుల వివరాలను ఇతర శాఖల రికార్డులతో పోల్చి, దేశం మొత్తం మీద దాదాపు 1.17 కోట్ల మందిని అనర్హులుగా గుర్తించి రాష్ట్రాలకు పంపింది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు 94.71 లక్షలు, నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్ళు 17.51 లక్షలు, కంపెనీల్లో డైరెక్టర్లు 5.31 లక్షలు అని లెక్క చెప్పింది. ఆ పేర్లను పరిశీలించి తేల్చే పని రాష్ట్రాలది.

వార్త బస్తీకి చేరేసరికి "కార్డులు కట్ చేస్తున్నరంట" అయిపోతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చేయనివాళ్ళు కూడా బీరువాలో కాగితాలు వెతకడం మొదలుపెడతారు. అందులో నవ్వుకోవడానికేమీ లేదు. తెలంగాణలో రేషన్ కార్డు అంటే బియ్యం ఒక్కటే కాదు. రూ.500 గ్యాస్ సిలిండర్, 200 యూనిట్ల ఉచిత కరెంటు వంటి చాలా పథకాల్లో పేదరికానికి గుర్తుగా చూసేది ఆ కార్డునే. అది పోతే ఒకదాని వెనక ఒకటి పోతాయి.

ఈకేవైసీ, అనుమానం, విచారణ, రద్దు: నాలుగూ వేరు

మాటల్లో ఇవన్నీ కలిసిపోతుంటాయి కాబట్టి ముందు విడదీసుకుందాం.

ఈకేవైసీ అంటే కార్డులో పేరున్న మనిషి ఉన్నాడా, ఆధార్‌లో ఉన్న మనిషి ఇతనేనా అని చూడటం. వేలిముద్రో, కంటిపాప ఫొటోనో సరిపోతే పని అయిపోతుంది. మీ ఆదాయం ఎంత, ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నలు ఇందులో రావు. అంట్లు తోమే చేతులకు, సిమెంటు పనిచేసే చేతులకు, బీడీలు చుట్టే చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. అక్కడ మెషీన్ "సరిపోలలేదు" అంటే ఆ మనిషి అనర్హుడని కాదు, మెషీన్ గుర్తుపట్టలేదని మాత్రమే. పిల్లలకు ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక మరోసారి ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. అది చేయించకపోతే ఇంట్లో అందరి పేర్లూ వచ్చి పిల్లాడి పేరు దగ్గర ఆగిపోతుంది.

అనుమానితుల జాబితా వేరే సంగతి. ఇక్కడ మీరెవరో తెలుసు. మీకు అర్హత ఉందా అన్నదే సందేహం. ఆ సందేహం సాధారణంగా ఏ పొరుగువాడి ఫిర్యాదు వల్లా పుట్టదు, రెండు కంప్యూటర్ రికార్డులు కలిసినందువల్ల పుడుతుంది.

విచారణ అంటే ఆ సందేహం నిజమో కాదో మనుషులు వచ్చి చూడటం. రద్దు అంటే నిర్ణయం. చట్టం ఆశించే వరుస ఇదే: సందేహం, విచారణ, మీ వాదన వినడం, ఆ తర్వాత నిర్ణయం. ఎవరి హక్కునైనా తీసేసేముందు వాళ్ళ మాట వినాలన్నది సహజ న్యాయ సూత్రం. గొడవ వచ్చేదల్లా మధ్య రెండు మెట్లూ దాటేసి మొదటి మెట్టు నుంచి నేరుగా చివరి మెట్టుకు దూకినప్పుడు.

సమగ్ర వేదిక చేసే పని

ఈ దూకుడు చరిత్ర తెలంగాణకు బాగా తెలుసు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను తెచ్చింది. దాదాపు 30 శాఖల రికార్డుల్ని, అంటే వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, ఉద్యోగాలు వంటివాటిని, ఒక మనిషి చుట్టూ చేర్చడం దాని పని.

అన్ని శాఖల దగ్గరా ఆధార్ నంబరు ఉంటే పని తేలికే. కానీ పాత ఆర్‌సీల్లో, ఆస్తిపన్ను పుస్తకాల్లో, కరెంటు బిల్లుల్లో చాలావాటికి ఆధార్ లేదు. పేరు, తండ్రి పేరు, చిరునామా ఉంటాయి, అంతే. అవి కూడా ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగ్‌తో. అందుకే సాఫ్ట్‌వేర్ ఈ రెండు పేర్లూ ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచి, ఒక హద్దు దాటితే ఇద్దరూ ఒకరే అని తీర్మానిస్తుంది. ఆ హద్దు ఎక్కడ పెట్టారు, ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు అన్నది బయటికి తెలియదు. విలేకరులు సమాచార హక్కు కింద సోర్స్ కోడ్ అడిగితే, సాఫ్ట్‌వేర్ హక్కులు కంపెనీవని చెప్పి ఇవ్వలేదు.

ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో మనకే ఒక పద్ధతి లేదు. ఆధార్‌లో "కొండా లక్ష్మి", పాస్‌బుక్‌లో "కె. లక్ష్మి", పెళ్ళయ్యాక ఓటరు కార్డులో "లక్ష్మి గుండు". ఒకే మనిషి మూడు పేర్లతో కనిపిస్తుంది. పాతబస్తీలో సమస్య తిరగబడుతుంది. ఒక వీధిలో నలుగురు మహ్మద్ సలీంలు ఉంటారు. అంటే సాఫ్ట్‌వేర్ ఒకచోట ఒక్కరిని ముగ్గురు చేయకుండా, మరోచోట నలుగురిని ఒక్కరు చేయకుండా చూసుకోవాలి. హద్దు బిగిస్తే మొదటిది జరుగుతుంది, సడలిస్తే రెండోది.

రెండోది జరిగితే ఏమవుతుందో 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో ఉంది. హైదరాబాద్‌లో ఒక వితంతువు రేషన్ కార్డు పోయింది. భర్త రిక్షా తొక్కి బతికినవాడు. ఆయన పేరుకు దగ్గరి పేరున్న మరో మనిషికి కారు ఉంది. కంప్యూటర్ ఆ ఇద్దరినీ ఒకరిగా కలిపేసింది. తమకు కారు లేదని ఆమె చెప్పిన మాట కన్నా తెర మీది వరుసకే ఆఫీసుల్లో విలువ దక్కింది. చివరికి ఆమె హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అదే కథనం ప్రకారం 2014–2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. 1.42 లక్షల కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. వాళ్ళకు ముందస్తు నోటీసులు వెళ్ళలేదు.

నిజాయితీగా ఉన్నవాళ్ళ పేరు జాబితాలోకి వచ్చే దారులు

పేర్లు కలిసిపోవడం ఒక్కటే దారి కాదు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి, రికార్డు అక్షరాలా నిజమై ఉండి, దాని అర్థం మాత్రం తప్పయ్యే సందర్భాలు.

ఒక పెయింటర్‌ను తీసుకుందాం. కాంట్రాక్టరు దగ్గర ఏడాదికి లక్షన్నర పని చేశాడు. కాంట్రాక్టరు నూటికి రూపాయి చొప్పున టీడీఎస్ కోసి రూ.1,500 ప్రభుత్వానికి కట్టాడు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే పెయింటర్ ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. వేశాడు, రూ.1,500 వెనక్కి వచ్చాయి. అతను కట్టిన పన్ను సున్నా. కానీ అతని పాన్ మీద ఒక రిటర్న్ ఉంది. రిటర్న్ వేసినవాళ్ళనూ పన్ను కట్టేవాళ్ళనూ విడదీయకుండా జాబితా తీస్తే ఈ పెయింటర్, ఐటీ కంపెనీ మేనేజరు పక్కపక్కనే నిలబడతారు.

ఇంకొకరు టిఫిన్ బండి నడుపుతారు. లోన్ కావాలంటే రెండేళ్ళ రిటర్న్‌లు చూపించమని బ్యాంకులో అడిగారు. కాగితాలు నింపేవాడు "ఎక్కువ చూపిస్తే లోన్ తొందరగా వస్తుంది" అని సలహా ఇచ్చి రూ.4.5 లక్షల ఆదాయం రాశాడు. ఇది పైదానంత అమాయకమైన కేసు కాదు. బండి మీద అంత మిగలదు, నిజమే. కానీ ప్రభుత్వం ముందు తన సంతకంతో అంత సంపాదించానని ఒప్పుకున్న కాగితం ఉంది. ఒక ఆఫీసులో పెంచి, మరో ఆఫీసులో తగ్గించి చెప్పిన మనిషిని అధికారి ఏ ఆదాయంతో లెక్కగట్టాలి? దీనికి తేలికైన జవాబు లేదు.

కారు అమ్మేశాక కూడా ఆర్‌సీ పాత యజమాని పేరు మీదే ఉండిపోవడం హైదరాబాద్‌లో మామూలే. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాడి చేతికిస్తారు. అతను ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళడు. రికార్డులో కారు ఇంకా మీదే. చలాన్లు వచ్చినప్పుడు పడే తిప్పలు అందరికీ తెలుసు. రేషన్ జాబితాలోకీ అదే రికార్డు వెళ్తుంది.

ఫైనాన్స్ మీద కారు తీసుకుని క్యాబ్ నడిపే డ్రైవర్ల సంగతి మరో రకం. కారు నిజంగా వాళ్ళదే, పేరూ వాళ్ళదే. అయితే అది ఆస్తా, పనిముట్టా? ఈఎంఐ కట్టి, డీజిల్ పోయించి, కంపెనీ కమిషన్ పోగా మిగిలేది చూస్తే జవాబు ఒకటి, "నాలుగు చక్రాల బండి ఉన్నదా" అన్న గడిలో టిక్కు చూస్తే ఇంకొకటి.

డైరెక్టర్ల జాబితాలో బస్తీ మనుషులు ఎలా ఉంటారని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆఫీసు బాయ్ దగ్గరో డ్రైవర్ దగ్గరో ఆధార్, పాన్ తీసుకుని, నాలుగు సంతకాలు పెట్టించుకుని కాగితం మీద డైరెక్టర్‌ను చేసే యజమానులు ఉన్నారు. ఆ మనిషికి తాను డైరెక్టర్‌నని తెలిసేది రేషన్ ఆగినప్పుడే కావచ్చు.

నూటికి 97 సార్లు సరిగ్గా చెప్పే యంత్రంతోనూ ఇబ్బందే

"తప్పులు కొద్దిగానే ఉంటాయి కదా" అన్న మాటను ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం అనుకున్న అంకెలే.

ఒక ప్రాంతంలో లక్ష కార్డులున్నాయి. అందులో 4 శాతం, అంటే 4,000 నిజంగా అనర్హులవి. మిగతా 96,000 అర్హులవి. యంత్రం అనర్హుల్లో 90 శాతం మందిని పట్టుకుంటుంది. అంటే 3,600. అర్హుల్లో 97 శాతం మందిని సరిగ్గా వదిలేసి, 3 శాతం మందిని మాత్రం పొరపాటున అనుమానిస్తుంది. 96,000లో 3 శాతం అంటే 2,880.

జాబితాలోకి వచ్చినవాళ్ళు మొత్తం 6,480. వాళ్ళలో 2,880 మంది నిజాయితీపరులు. నూటికి 44 మంది.

యంత్రం చెడ్డది కాదు. అర్హుల సంఖ్య చాలా పెద్దది కావడం వల్ల అందులో చిన్న శాతం కూడా పెద్ద గుంపవుతుంది. అందుకే జాబితాను విచారణ చేయాల్సిన ఇళ్ళ పట్టికగా చూస్తే అది పనికొచ్చే వస్తువు. దొంగల పట్టికగా చూస్తే ప్రమాదం. అదే కాగితం, వాడే తీరులో తేడా.

అబద్ధం ఆడకుండానే అనర్హులయ్యేవాళ్ళు

నిజాయితీ, అర్హత ఒకటేనని మనం అనుకుంటాం. చట్టం దృష్టిలో అవి రెండూ వేరు.

తెలంగాణలో నగరాల్లో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రూ.2 లక్షలు. గ్రామాల్లో రూ.1.5 లక్షలు. భూమి అయితే 3.5 ఎకరాల తరి లేదా 7.5 ఎకరాల మెట్ట. రెండు లక్షలు అంటే నెలకు రూ.16,667. ఇది ఇంట్లో ఒక్కరి జీతం కాదు, అందరిదీ కలిపి.

భర్త అపార్ట్‌మెంటులో వాచ్‌మన్, నెలకు రూ.13,000. భార్య రెండిళ్ళలో పని చేసి రూ.6,000 తెస్తుంది. కలిపి 19,000, ఏడాదికి రూ.2,28,000. బోడుప్పల్‌లోనో బోరబండలోనో కిరాయి కట్టి, పిల్లల ఫీజులు కట్టే ఆ ఇంటిని ఎవరూ ధనిక కుటుంబం అనరు. కానీ కాగితం మీద పరిమితి దాటేసింది. కార్డు తీసుకున్న ఏడాది భార్య పనికి వెళ్ళలేదేమో. అప్పుడు చెప్పింది నిజమే. ఇప్పుడు పరిస్థితి మారింది, మారిందని చెప్పాలని వాళ్ళకు తెలియదు. ఇది మోసమా? కాదు. అర్హత ఉందా? నిబంధన ప్రకారం లేదు. విచారణలో ఈ రెండు ప్రశ్నలూ కలిపేస్తే వాచ్‌మన్ కుటుంబం దొంగల లెక్కలోకి వెళ్తుంది.

ధరలు, జీతాలు ఇంత మారినా పరిమితి అక్కడే ఉండటం గురించి వాదన ఉంది. 2024లో కొత్త కార్డుల కోసం మంత్రివర్గ ఉపసంఘం కూర్చున్నప్పుడూ ఈ అంకెల దగ్గరే ఆగింది. పరిమితి కదలకపోతే ఏటా కొన్ని పేద కుటుంబాలు ఏమీ చేయకుండానే గీత దాటిపోతుంటాయి.

ఏరివేత కావాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు

అధికారుల వాదనను తేలిగ్గా తీసేయలేం. జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 కింద పట్టణాల్లో 50 శాతం, గ్రామాల్లో 75 శాతం జనాభా వరకే కేంద్రం భరిస్తుంది, అదీ 2011 జనాభా లెక్కల మీద. తెలంగాణలో కేంద్రం లెక్కలోకి వచ్చేది సుమారు 1.91 కోట్ల మంది. ఆపైన ఇచ్చే ప్రతి కార్డు ఖర్చూ రాష్ట్రానిదే. మనిషికి 6 కిలోల బియ్యం, 2025 ఏప్రిల్ నుంచి అవీ సన్నబియ్యం. అనర్హుడి దగ్గర ఒక కార్డు ఉంటే, ఏళ్ళ తరబడి కొత్త కార్డు కోసం ఎదురుచూసిన ఒక కోడలి పేరు బయట ఉన్నట్టే. రేషన్ బియ్యం అమ్ముకునేవాళ్ళు, వాటిని రీసైక్లింగ్ చేసే మిల్లులు, చనిపోయినవాళ్ళ పేరు మీద నడిచే కోటా కల్పితాలు కావు. కంప్యూటర్ లేకుండా వీటిని పట్టుకోవాలంటే మళ్ళీ లోకల్ లీడర్లూ డీలర్లూ చెప్పిందే వేదం అవుతుంది. ఆ కాలం పేదవాడికి మేలు చేసిందనీ అనలేం.

అవతలి వాదన ఇది. అనర్హుడికి బియ్యం పోతే ప్రభుత్వానికి డబ్బు నష్టం. అర్హుడికి ఆగితే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. రెండు తప్పులూ సమానం కావు. పైగా మొదటి తప్పు చేస్తే అధికారిని ఆడిట్ అడుగుతుంది. రెండో తప్పు చేస్తే అడిగేవాళ్ళు లేరు. కాబట్టి అనుమానం వస్తే తీసేయడమే ఆఫీసుకు సురక్షితమైన పని అవుతుంది.

ఈ తగువు హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ పిటిషన్‌తో సుప్రీంకోర్టుకు చేరింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులనూ క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ జూలై నాటికి 2,05,734 పరిశీలించగా 15,471 మంది అర్హులని తేలింది. అంటే 7.5 శాతం.

ఈ అంకెను ఎటువైపు నుంచైనా చదవొచ్చు. నూటికి 92 సార్లు తీసేయడం సరైనదేనని తేలిందని ఒకరు అంటారు. కార్డు పోయి ఆరేళ్ళయ్యాక ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, వార్త చెవిన పడనివాళ్ళు దరఖాస్తే చేయలేదు కదా అని ఇంకొకరు అంటారు. నాకైతే రెండో ప్రశ్నకు సమాధానం దొరక్కుండా మొదటి ముగింపుకు రావడం తొందరపాటు అనిపిస్తుంది. ఒకటి మాత్రం ఖాయం. పరిశీలించిన ఆ ఒక్క భాగంలోనే 15 వేలకు పైగా కుటుంబాలకు తప్పు జరిగింది.

"నాకు కారు లేదు" అని ఎవరైనా ఎలా నిరూపిస్తారు?

విచారణలో అసలు చిక్కు ఇక్కడుంది. ఉన్నది చూపించడం తేలిక, లేనిది చూపించడం కష్టం. "నాకు కారు లేదు" అన్న మాటకు లోకంలో ఏ కాగితమూ సరిపోదు. కానీ "ఫలానా నంబరు కారు నాది కాదు" అన్న మాటకు కాగితం ఉంటుంది. ఆ నంబరు ఆర్‌సీలో ఉన్న తండ్రి పేరు వేరు, చిరునామా వేరు, సంతకం వేరు. అంటే నిజాయితీపరుడికి అన్నిటికన్నా అవసరమైనది తన మీద వచ్చిన అనుమానం వివరం: ఏ రికార్డు, ఏ నంబరు, ఏ తేదీ. నోటీసులో "అనర్హులుగా గుర్తించబడినారు" అని మాత్రమే ఉంటే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ఏ కారణమో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే కథ ముందుకు కదులుతుంది.

తప్పు పుట్టిన చోటు పౌరసరఫరాల ఆఫీసు కాకపోవడం ఇంకో చిక్కు. హైదరాబాద్‌లో చీఫ్ రేషనింగ్ ఆఫీసర్ కింద సర్కిల్ ఆఫీసులు, వాటిలో ఏఎస్ఓలు (సహాయ సరఫరా అధికారులు) ఉంటారు. రవాణా శాఖ రికార్డును వాళ్ళు దిద్దలేరు. పాన్ మీద ఎవరు ఏ ఆదాయం చూపించారో ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక చెబుతాయి. పెయింటర్ కేసులో రూ.1,500 కోత, రీఫండ్ అక్కడ కనిపిస్తాయి. కారు సంగతి ఆర్టీఏలో, డైరెక్టర్ సంగతి కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర తేలాలి. మూల రికార్డు దిద్దకుండా కార్డు మాత్రం తిరిగి తెచ్చుకున్నవాళ్ళ పేరు మళ్ళీ పోల్చినప్పుడు మళ్ళీ జాబితాలో పడే అవకాశం ఉంటుంది.

ఇంటికి వచ్చే విచారణకు ఒక బెరుకు ఎప్పుడూ ఉంటుంది. గోడ మీది టీవీ, మూలనున్న కూలర్ చూసి కార్డు తీసేస్తారని బస్తీల్లో గట్టి నమ్మకం. కొందరు ఆ రోజు టీవీని పక్కింట్లో పెట్టేస్తారు కూడా. కొలమానం ఆదాయం, భూమి, ఉద్యోగం, నాలుగు చక్రాల బండి లాంటివి. ఈఎంఐ మీద కొన్న టీవీ కాదు. దాచడం వల్ల లాభం లేకపోగా, నిజమే చెబుతున్న మనిషి ఏదో దాస్తున్నట్టు కనిపిస్తాడు.

ఫైలులో బరువుండేది రాతకే. మీసేవ ద్వారా తీసుకునే తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రం, జీతం చీటీ, కిరాయి ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్ నోటి మాట కన్నా గట్టివి. అధికారి రాసుకున్న వాంగ్మూలం చదివి వినిపించమని అడగడం మర్యాద తప్పడం కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం రేపు ఏ జవాబునైనా మన నోట్లో పెట్టడానికి అనుమతి ఇచ్చినట్టే. ఇచ్చిన జవాబు ఆఫీసుకు అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న కాపీ లేకపోతే, ఆరు నెలల తర్వాత "మీరు జవాబే ఇవ్వలేదు" అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ గందరగోళంలో ఇంకో దందా నడుస్తుంటుంది. "మీ కార్డు రద్దవుతోంది, ఈ లింకులో ఈకేవైసీ చేయండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (దొంగ యాప్) పంపి ఫోన్ ఖాళీ చేసేవాళ్ళు. అసలు విచారణలో ఓటీపీ చెప్పమని ఎవరూ ఫోన్ చేయరు.

పెన్షన్ తిరిగి కట్టమంటే

రేషన్‌లో పోయేది ముందు రావాల్సింది. పెన్షన్ తనిఖీలో అయితే ఇప్పటికే తిన్నది వెనక్కి అడగొచ్చు. 2024 జూలైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 80 ఏళ్ళ వృద్ధురాలికి అలాంటి నోటీసు వచ్చింది. ఆమెకు ఆసరా పెన్షన్ వస్తోంది. ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ చనిపోయిన కూతురి తరఫున కుటుంబ పెన్షన్ కూడా వస్తోంది. రెండూ తీసుకోకూడదు కాబట్టి లక్షా డెబ్బై వేలకు పైగా తిరిగి కట్టమన్నారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టాక ప్రభుత్వం ఇలాంటి వసూలు నోటీసులు ఆపమంది.

ఇక్కడ రెండు పెన్షన్లూ ప్రభుత్వం చేతుల మీదుగానే వెళ్ళాయి. రెండు శాఖల ఖాతాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. ఆమె ఏదైనా దాచిందా, అసలు ఆ నిబంధన ఎవరైనా ఆమెకు చెప్పారా అన్నది వేరే ప్రశ్న. ఇకముందు ఒక పెన్షన్ ఆపడం నిబంధనలో ఉన్నదే. తెలియక తీసుకుని, బియ్యానికీ మందులకూ ఖర్చుపెట్టిన సొమ్మును ఒక్కసారిగా వసూలు చేయడం దగ్గరే న్యాయం ఏమిటన్న వాదన మొదలవుతుంది.

కార్డు పోయాక

కార్డు తాత్కాలికంగా ఆగిందా, పూర్తిగా రద్దయిందా, కార్డు ఉండి ఒక్కరి పేరు పోయిందా అన్నది ముందు తేలాలి. పౌరసరఫరాల శాఖ వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొడితే స్థితి కనిపిస్తుంది, 1967 నంబరులోనూ చెబుతారు. చాలా కేసులు సర్కిల్ ఆఫీసులోనో, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో తేలిపోతాయి. తేలనివాటికి ఆహార భద్రత చట్టంలోనే దారి ఉంది. సెక్షన్ 15 కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. ఆయన ఉత్తర్వు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ అధికారి సిఫారసు చేసిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ రూ.5,000 వరకు జరిమానా వేయగలదు. ఈ దారి ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. అందరూ ఎమ్మెల్యే ఆఫీసుకు పోతారు.

కారణం చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది, జవాబుకు గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. అయితే ఆ సంగతి నిరూపించడానికి చూపించాల్సింది, సాధారణంగా, ఆ పోయిన కార్డే.

కార్డు తిరిగి వచ్చిందనుకుందాం. ఐదుగురున్న ఇంటికి నెలకు 30 కిలోలు. పది నెలలు ఆగితే 300 కిలోలు. కార్డును పునరుద్ధరించినప్పుడు సాధారణంగా ఆ నెల నుంచే కోటా మొదలవుతుంది, పాత 300 కిలోల ఊసు ఉండదు. రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే దాని బదులు ఆహార భద్రత భత్యం డబ్బుగా ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 8 చెబుతుంది, దానికి 2015లో నియమాలూ వచ్చాయి. తప్పుగా రద్దయిన కాలానికి ఈ సెక్షన్ వర్తిస్తుందని వాదించేవాళ్ళకు గట్టి ఆధారమే ఉంది: కుటుంబం అర్హమైనదేనని విచారణే తేల్చింది కాబట్టి, ఆ పది నెలలూ అది అర్హమైనదే. కార్డు వచ్చిందన్న సంతోషంలో ఆ పది నెలల సంగతి అర్జీలో రాసేవాళ్ళు అరుదు.